లాంచీకీ బస్సుకీ మధ్య ఒక వేసవి

ఆ వేసవిలో మా నాన్న గుసగుసగా మాట్లాడడం మొదలుపెట్టాడు.

లాంచీ నడిపే సరంగుగా జీవితమంతా ఇంజను పక్కన గడిపిన మనిషి ఆయన. ఉప్పు అందించమన్నా నది అవతలి ఒడ్డుకి వినపడేట్టు అడిగేవాడు. కొత్తగా వీధిలోకి అద్దెకు దిగినవాళ్ళు గొడవేమోనని తలుపు తీసి చూస్తే, పక్కింటివాళ్ళు "ఏం లేదు, సరంగు భోంచేస్తున్నాడు" అని సర్దిచెప్పేవారు. అలాంటిది ఒకరోజు మధ్యాహ్నం వంటింట్లోకి వచ్చి, కిటికీ తలుపు దగ్గరగా వేసి, నా చెవి దగ్గరకు వంగి, "మీ మావయ్య పైన ఉన్నాడా?" అని అడిగాడు.

"డ్యూటీకి వెళ్ళాడుగా."

"వెళ్ళడం నువ్వు చూశావా?"

మావయ్య అంటే అమ్మకు సొంత తమ్ముడు. పెళ్ళీ పెటాకులూ లేకుండా మా మేడ మీది గదిలో ఉంటూ, రెండు పూటలా మాతోనే తింటూ, ప్రభుత్వ బస్సు నడుపుతుండేవాడు. నాన్నకు బావమరిది అనే పేరే గానీ తమ్ముడిలాగే చూసుకునేవాడు. మావయ్య బస్సుకు ఏదైనా చిన్న రిపేరు వస్తే డిపోలో చెప్పకుండా ముందు నాన్నకే చెప్పేవాడు. ఇద్దరూ వీధి అరుగు మీద కూర్చుని ఇంజన్ల గురించి మాట్లాడుకుంటుంటే అమ్మా నేనూ ఆవలించేవాళ్ళం.

మా ఊరు నదికి ఇటువైపు. ఆసుపత్రి, కాలేజీ, పెద్ద మార్కెట్టు అన్నీ అటువైపు. ముందునుంచీ జనాన్ని దాటించేది మా లాంచీయే. డీజిల్ ఖర్చులో పెద్ద భాగం ప్రభుత్వం భరించేది గనుక టికెట్టు ఒక టీ కంటే చవక. ఎగువన వంతెన పూర్తయ్యాక బస్సు వచ్చింది. చుట్టూ తిరిగి వెళ్తుంది. దానికీ ప్రభుత్వం రాయితీ ఇచ్చింది, దాని టికెట్టూ అంతే. కొన్నాళ్ళు ఎవరి దారి వాళ్ళది అన్నట్టే గడిచింది. ఆ వేసవి మొదట్లో మాత్రం రవాణా శాఖ ఒక ప్రకటన చేసింది. ఒకే నదిని దాటించడానికి రెండు రాయితీలు ఇవ్వడం కుదరదట. వానాకాలం నుంచి లాంచీకో బస్సుకో, ఏదో ఒక్కదానికే.

"రైళ్ళకిస్తారు. విమానాలక్కూడా ఇస్తారట, సీటుకింతని!" అని ఆ రోజు నాన్న ఇంకా పాత గొంతుతోనే అరిచాడు. "మబ్బుల్లో తిరిగేవాళ్ళకివ్వడానికి చేతులొస్తాయి గానీ, నీళ్ళలో తిరిగేవాళ్ళకి రావా?"

ఆ గొంతు తగ్గిపోయింది మరునాడు. రేవు దగ్గర టీ తాగడానికి వచ్చే రవాణా ఆఫీసు గుమాస్తా ఒకడు నాన్నను పక్కకు పిలిచి ఏదో ఊదాడు. ఎవరో ఒక మనిషి చెప్పాపెట్టకుండా వస్తాడట. మామూలు ప్రయాణికుడిలా రెండింట్లోనూ తిరుగుతాడట. అతను చెప్పినదాన్ని బట్టే రాయితీ ఎవరిదో తేలుతుందట.

ఇంక చూడాలి. నేను చదువు అయిపోయి, ఉద్యోగం దొరికేదాకా అని లాంచీలో టికెట్లు ఇస్తుండేదాన్ని. ముఖం తెలియనివాళ్ళు ఎవరెక్కినా నాన్న చుక్కాని గదిలోంచి నాకు కనుబొమలతో సైగ చేసేవాడు. బొంగురు గొంతుతో దగ్గే ఒక ముసలాయన్ని అనుమానించాం. కాగితాల సంచీతో వచ్చిన ఒకావిణ్ణి అనుమానించాం, ఆవిడ పాఠాలు చెప్పుకునే పంతులమ్మని తర్వాత తెలిసింది. చివరికి అందరి అనుమానమూ గళ్ళ చొక్కా మనిషి మీద వచ్చి ఆగింది.

నలభై దాటినవాడు. రోజూ పొద్దున్నే వచ్చేవాడు, సాయంత్రం తిరిగొచ్చేవాడు. ఎవరితోనూ మాట కలిపేవాడు కాదు. కడ్డీ పట్టుకుని నీళ్ళకేసి చూస్తూ నిలబడేవాడు. ఒక్కోసారి పెదాలు కదిలేవి.

"లెక్కేసుకుంటున్నాడు," అన్నాడు పొగగొట్టం.

పొగగొట్టం అంటే మా లాంచీలో మోకు విసిరే ఆయన. లాంచీ పొగగొట్టంలోంచి ఎంత పొగ వచ్చేదో ఆయన నోట్లోంచీ అంతే వచ్చేది. ఆ పేరు అలా పడింది.

"ఏం లెక్క?" అంది నాన్న గుసగుస.

"జనం లెక్క. లేకపోతే ఒక్కడే పెదాలాడించడమెందుకు?"

ఆ రోజు నుంచి గళ్ళ చొక్కా ఆయనకు రాచమర్యాదలు మొదలయ్యాయి. చుక్కాని గది పక్కన నీడపట్టున ఉండే బల్ల ఆయనది. ఎవరైనా దాని మీద కూర్చోబోతే పొగగొట్టం "అక్కడ రంగు ఆరలేదండీ" అనేవాడు. ఆయన ఎక్కగానే వేడి టీ. ఇంటి నుంచి నాన్న ఒక దిండు పట్టుకెళ్ళి బల్ల మీద వేశాడు. ఆయన రావడం ఆలస్యమైతే ఏదో మోకు చిక్కు పడ్డట్టు నటిస్తూ లాంచీ ఆపేవాడు.

ఆయన మొదట్లో కంగారుపడ్డాడు. తర్వాత టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, నాన్నవైపు చూసి తల వంచేవాడు. ఒకరోజు ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నిద్ర లేకుండా రిపోర్టు రాస్తున్నట్టున్నాడు," అన్నాడు నాన్న. "ఇవాళ బిస్కట్లు కూడా పెట్టు."

అనుమానం అనేది జలుబు లాంటిది, ఇంట్లో ఒకరితో ఆగదు. మావయ్య బస్సులో నిజంగా అంతమంది ఎక్కుతున్నారా, డిపోవాళ్ళు తమ చుట్టాలను ఎక్కించి తిప్పుతున్నారా అని నాన్నకు సందేహం వచ్చింది. పొగగొట్టాన్ని బస్టాపు ఎదురుగా ఉన్న మంగలి షాపులో కూర్చోబెట్టాడు. ఆయన పాపం రోజు మార్చి రోజు గడ్డం గీయించుకోవాల్సి వచ్చింది. "ఒకే లావుపాటావిడ మూడుసార్లెక్కింది," అని వచ్చి చెప్పాడు. "అదే ఆవిడో కాదో, చీర రంగు మాత్రం అదే."

భోజనాల దగ్గర మావయ్య ఎప్పటిలాగే బస్సు కబుర్లు మొదలుపెడితే నాన్న పళ్ళెంలోకి చూస్తూ ఊఁ కొట్టేవాడు. మావయ్య లేచి చేతులు కడుక్కోవడానికి వెళ్ళగానే, "విన్నావా, మొదటి ట్రిప్పు నిండిపోయిందన్నాడు. ఎందుకన్నాడు ఆ మాట?" అనేవాడు.

"నిండింది కాబట్టి అన్నాడు," అనేది అమ్మ.

"నీకలాగే ఉంటుంది. తమ్ముడు కదా."

అమ్మ మావయ్య పళ్ళెం తీసుకుని లేచేది. ఆ రోజుల్లో తను చాలా తక్కువ మాట్లాడుతోందని నేను గమనించాను. అది కూడా నాకు అనుమానంగానే తోచింది.

వేసవి ముదిరింది. నది బాగా లోపలికి లాక్కుపోయింది. రేవు మెట్లన్నీ దిగి, కాలిపోయే ఇసుకలో నడిచి, ఒడ్డుకీ లాంచీకీ మధ్య వేసిన పొడుగాటి చెక్క మీదుగా ఎక్కాలి. అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం ఇంజను నీళ్ళ పంపు చెడు చప్పుడు చేసింది. రాత్రి భోజనాల దగ్గర నాన్న, "రేపు పొద్దున లాంచీ తియ్యను, పంపు విప్పాలి," అన్నాడు. అప్పటికి మావయ్య డ్యూటీ నుంచి రాలేదు. వింటున్నది అమ్మా నేనూ మాత్రమే.

పొద్దున్న నేనూ నాన్నా రేవుకు వెళ్తుంటే బస్టాపులో ఒకదాని వెనక ఒకటి రెండు బస్సులు కనపడ్డాయి. రెండోదానికి 'అదనపు సర్వీసు' అని అట్ట కట్టి ఉంది. రేవు నుంచి వెనక్కి వచ్చినవాళ్ళందరూ హాయిగా అందులో ఎక్కుతున్నారు. గళ్ళ చొక్కా ఆయన కూడా.

నాన్న నడక ఆగిపోయింది. చేతిలో రెంచి ఉంది.

"పంపు చెడిపోయినట్టు మనింట్లో తప్ప ఎవరికి తెలుసు?" అన్నాడు. అరవలేదు. అరిచినా బాగుండేది.

ఆ సాయంత్రం మావయ్య మామూలుగా మేడ దిగి వచ్చి పీట లాక్కుని కూర్చున్నాడు. "బావా, పంపు బాగయిందా?" అన్నాడు.

నాన్న తల ఎత్తాడు. "పంపని నీకెవరు చెప్పారు?"

మావయ్య నీళ్ళు నమిలాడు. "రేవులో అనుకుంటుంటే..."

"రేవుకొచ్చినవాళ్ళకి ఇవాళ లాంచీ లేదనే చెప్పాం, ఎందుకో చెప్పలేదు. పొగగొట్టానికి ఇంజను పాడైందని తెలుసు గానీ, ఏ పార్టో తెలీదు."

"బావా, ఇప్పుడేమంటావు?"

"ఏమీ అనను. తిను."

మావయ్య తినలేదు. లేచి మేడెక్కి వెళ్ళిపోయాడు. మరునాటి నుంచి భోజనానికి రావడం మానేశాడు. పైగదిలో స్టవ్వు వెలిగించుకున్న వాసన కిందికి వచ్చేది. అమ్మ గిన్నె మూత తీసి, చూసి, మళ్ళీ మూసేది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి, మా వీధి చివర బట్టలు కుట్టే ఆవిడ లాంచీ ఎక్కింది. టికెట్టు ఇస్తుంటే, "మీ అమ్మగారు బాగున్నారా? చూసి ఎన్నాళ్ళయిందో," అంది.

అమ్మ వారానికి రెండు మూడు సార్లు మధ్యాహ్నాలు వెళ్ళేది ఆవిడింటికే. అంటే, అలా చెప్పి వెళ్ళేది.

నాన్నకు చెప్పకూడదనుకున్నాను. కానీ చుక్కాని గది తలుపు తెరిచే ఉంది. ఆ సంగతి నేను చూసుకోలేదు. ఒడ్డు చేరాక నాన్న నన్ను ఇంజను వెనక్కి పిలిచాడు.

"రేపు టికెట్లు పొగగొట్టం ఇస్తాడు. నువ్వు మీ అమ్మ వెనకాల వెళ్ళు."

"నావల్ల కాదు నాన్నా. అడిగెయ్యి, అయిపోతుంది."

"అడిగితే చెప్తుందా? వాళ్ళిద్దరూ ఒక తల్లి పిల్లలు."

"నువ్వు అమ్మకి మొగుడివి కదా."

"అందుకే అడగలేకపోతున్నా," అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతులో గుసగుస కూడా లేదు.

నాన్న పంపాడని వెళ్ళానని అప్పట్లో అనుకున్నాను. నిజానికి నాక్కూడా తెలుసుకోవాలనే ఉంది. అమ్మ బస్టాపులో నిలబడింది, గొడుగు వేసుకుని. బస్సు వచ్చింది. నడుపుతున్నది మావయ్యే. పరుపుచుట్ట మోసుకుంటూ వెనక తలుపులోంచి ఎక్కుతున్న ఒకాయన చాటున నక్కి నేనూ ఎక్కాను.

మావయ్య బస్సును ఫుట్‌పాత్‌కు పూర్తిగా ఆనించి ఆపాడు. అలా ఆపితే ముందు తలుపు మెట్టు ఒక్కటే ఎక్కాలి. అమ్మ కడ్డీ పట్టుకుని కుడికాలు పైన పెట్టి, రెండోది దాని పక్కకి తెచ్చుకుని, ఒక్క క్షణం ఆగి, లోపలికి వచ్చింది. ఎక్కేదాకా మావయ్య అద్దంలోంచి చూస్తూ ఉన్నాడు. వెనకాల హారన్లు మోగుతున్నా కదల్లేదు. తర్వాత ఆమె డ్రైవరు వెనక సీట్లో కూర్చుంది. ఇద్దరూ మాట్లాడుకోలేదు. ఏదో ఒకటి చెవిలో చెప్పుకుంటారని దారంతా మెడ సాచి చూస్తూనే ఉన్నాను. పరుపాయన "ఏమ్మా, ఊపిరాడట్లేదా?" అని అడిగాడు.

వంతెన దాటాక బస్సు ఆసుపత్రి గుమ్మం ముందు ఆగింది. అమ్మ దిగింది. నేను వెనకాలే.

లోపల ఒక పొడుగాటి గది. గోడకు నిలువెత్తు అద్దం. దాని ముందు నడుమెత్తున రెండు ఇనప కడ్డీలు. వాటి మధ్య అమ్మ అటూ ఇటూ పట్టుకుని నడుస్తోంది. తెల్లకోటు వేసుకున్న అమ్మాయి "మోకాలు వంచండి, ఇంకొంచెం, భయపడకండి," అంటోంది. ఈమధ్య మేడ మీద బట్టలు ఆరేసే పని నాకు అప్పజెప్పడం, కింద కూర్చోవాల్సిన పనులన్నీ బల్ల మీదికి మార్చడం, అన్నీ ఒకేసారి గుర్తుకొచ్చాయి.

అద్దంలో అమ్మ నన్ను చూసింది. ఆశ్చర్యపోలేదు.

"మీ నాన్న పంపాడా?"

తల ఊపాను.

"ఉండు. ఇంకో రెండుసార్లు నడిస్తే అయిపోతుంది."

బయట వరండాలో బెంచీ మీద కూర్చున్నాక అడిగాను. "ఎప్పట్నుంచమ్మా?"

"పోయిన వేసవిలో చెక్క మీంచి జారి పడ్డాను. మీ నాన్న చుక్కాని గదిలో అటు తిరిగి ఉన్నాడు. పొగగొట్టం మోకు చుట్టుకుంటున్నాడు. ఎవరో ఒక పిల్ల లేపింది. ఇసుకే కదా, దులుపుకుని వచ్చేశాను."

"చెప్పొచ్చుగా!"

"చెప్తే? సరంగు పెళ్ళాం సరంగు లాంచీ ఎక్కలేక బస్సెక్కుతోందని ఊరంతా అంటుంది. అదీ ఈ సంవత్సరం." మోకాలు నిమురుకుంది. "వంతెన మీంచి బస్సు రాకపోతే నేను ఈ ఒడ్డుకి వచ్చేదాన్నే కాదు."

అడగాలా వద్దా అనుకుంటూనే అడిగేశాను. "మరి ఆ పంపు సంగతి?"

"నేనే చెప్పాను," అంది అమ్మ, తడుముకోకుండా. "రాత్రి వాడొచ్చాక చెప్పాను. ఇక్కడికి రక్తం శుద్ధి చేయించుకోవడానికి వచ్చేవాళ్ళున్నారు, ఒక్కరోజు తప్పినా కుదరనివాళ్ళు. వాళ్ళంతా రేవులో ఎండలో నిలబడి, ఇవాళ లాంచీ లేదంటే ఎటు పోతారు? అందుకే ఇంకో బస్సు అడగరా అన్నాను. నా పేరు చెప్పొద్దన్నాను. అందుకే వాడు నోరు మూసుకున్నాడు."

నాన్న అనుమానం నిజమైంది. అయినా ఎందుకో ఆయన ఓడిపోయినట్టే అనిపించింది నాకు.

తిరిగి బస్సులోనే వచ్చాం. మావయ్య నన్ను చూసి ఏదో అనబోయి, అమ్మ ముఖం చూసి గేరు వేశాడు.

నాన్న ఇంటికి వచ్చేసి ఉన్నాడు. ఆ వేళప్పుడు ఎప్పుడూ ఇంట్లో ఉండడు. అమ్మ గొడుగు మూలన పెట్టి, ఆయనకు ఎదురుగా కూర్చుని, నాతో చెప్పినదంతా అదే వరసలో చెప్పింది. జారిపడడం, ఆసుపత్రి, బస్సు, పంపు. ఏదీ తగ్గించలేదు. చివర్లో, "అడగాల్సింది నన్నండీ. పిల్లని పంపడమేమిటి?" అంది.

నాన్న చాలాసేపు తన అరచేతుల్ని చూసుకున్నాడు. ఎంత కడిగినా గ్రీజు పోని అరచేతులు.

"ఏ కాలు?" అన్నాడు.

"ఎడమది."

లేచి చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. నేను కాసేపాగి రేవుకు వెళ్ళి చూస్తే, లాంచీలో లేడు. ఇసుకలో నిలబడి ఆ చెక్కనే చూస్తున్నాడు. కాసేపటికి దాని మీద ఎడమకాలు ఈడ్చుకుంటూ నడిచి చూశాడు. మధ్యలో ఆగి, కిందికి చూసి, వెనక్కి వచ్చేశాడు. నేను చూస్తున్నట్టు ఆయనకు తెలియదు.

మరునాడు పొద్దున్న ప్రయాణికులొచ్చేసరికి చెక్క మీద అడుగడుక్కీ అడ్డపట్టీలు కొట్టి ఉన్నాయి. పక్కన రెండు గుంజలు పాతి, పట్టుకోవడానికి మోకు కట్టి ఉంది. "ఎవరికోసం ఈ సోకులు?" అని పొగగొట్టం అడిగితే, "మోకు ఊరికే పడుంది," అన్నాడు నాన్న. అమ్మ ఆ చెక్క ఎక్కనేలేదు. తను ఆసుపత్రికి బస్సులోనే వెళ్తూ వచ్చింది. ఇప్పుడు మాత్రం చెప్పి వెళ్ళేది. మావయ్య స్టవ్వు వాసన ఇంకా పైనుంచి వస్తూనే ఉంది.

వానలు ఇంకో వారం పది రోజుల్లో ఉన్నాయనగా టౌన్ హాలులో సమావేశం పెట్టారు. రవాణా శాఖ అధికారి ఒక నడివయసు స్త్రీ. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, మళ్ళీ పెట్టుకుంటూ వినేది. కుర్చీలు రెండు వరసలుగా వేస్తే లాంచీ మనుషులంతా ఒకవైపు, డిపో మనుషులంతా ఇంకోవైపు సర్దుకున్నారు. మావయ్య యూనిఫాంలో అటువైపు. అమ్మ ఇద్దరి మధ్యా ఉన్న దారి పక్కన, గుమ్మం దగ్గర కూర్చుంది. బస్సులో చుట్టాలను ఎక్కించి తిప్పుతున్నారని మంగలి షాపు సాక్ష్యంతో సహా నాన్న మాట్లాడాలని పొగగొట్టం ఆశ. ఆ రోజు ఆయన గడ్డం నున్నగా మెరుస్తోంది.

ముందు ఆ గళ్ళ చొక్కా ఆయన లేచి నిలబడ్డాడు. ఇదిగో, రిపోర్టు అనుకున్నాం.

"నాకు మాట్లాడడం రాదండీ," అన్నాడు. "మా అమ్మ ఈ వేసవంతా అవతల ఆసుపత్రిలో ఉంది. రోజూ లాంచీలో వెళ్ళేవాణ్ణి. ఇవాళ్టికి ఉంటుందా ఉండదా అని దారంతా దేవుణ్ణి తలుచుకునేవాణ్ణి. ఈ సరంగు గారు నన్ను ఒక్కమాట అడగలేదు. నా మొహం చూసే కనిపెట్టేశారు. నీడలో కూర్చోబెట్టారు, టీ ఇచ్చారు, కూర్చోడానికి దిండు వేశారు. నాకోసం లాంచీ ఆపారు. సొంతవాళ్ళు కూడా అంత చెయ్యలేదు. మా అమ్మ పోయిన వారం పోయింది. ఆయనకి దణ్ణం పెట్టుకుందామని వచ్చాను. అంతేనండి."

ఆయన నిజంగానే దణ్ణం పెట్టాడు. హాలంతా చప్పట్లు కొట్టింది. డిపోవాళ్ళు కూడా కొట్టారు. పొగగొట్టం బూట్ల లేసు కట్టుకుంటున్నట్టు కిందికి వంగాడు. ఆయన వేసుకున్నది చెప్పులు.

నాన్న ముఖం మెడ దాకా ఎర్రబడింది. అధికారిణి ఆయనవైపు తిరిగి, "మీరేమైనా చెప్తారా?" అంది.

నాన్న లేచాడు. ముందు, "మీరు పంపిన మనిషి ఎవరండీ?" అని అడిగాడు.

"ఏ మనిషి?"

"రహస్యంగా చూసి వెళ్ళడానికి."

"మేమెవర్నీ పంపలేదే," అంది ఆమె. "అంత తీరికా సిబ్బందీ ఎక్కడున్నారు మాకు?"

ఎవరో నవ్వారు. నాన్న నవ్వు ఆగేదాకా నిలబడ్డాడు. తర్వాత ఆయన పాత గొంతు తిరిగొచ్చింది. మైకు అక్కర్లేని గొంతు.

"నాకు లాంచీ తప్ప ఇంకోటి తెలీదండీ. నదికి లాంచీయే అందం, వరదలొచ్చినా నేను ఆపలేదు. కానీ వేసవిలో మా రేవు దిగలేనివాళ్ళుంటారు. కాళ్ళు బాగాలేనివాళ్ళు. వాళ్ళు నాకు చెప్పరు. నేను అటు తిరిగి ఉంటాను గదా, నాకు కనపడరు. వాళ్ళు వెళ్ళి బస్సెక్కుతారు."

"అంటే రాయితీ బస్సుకే ఇవ్వమంటారా?"

"నేనేమీ అనలేదండీ. అలాంటివాళ్ళుంటారని చెప్పాను."

కూర్చున్నాడు. గుమ్మం దగ్గర అమ్మ ముక్కు తుడుచుకుంది. అటువైపు వరసలో మావయ్య టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

రాయితీ బస్సుకే ఇచ్చారు. నాన్న మాట వల్ల ఇచ్చారని ఊళ్ళో కొందరంటారు. ఆ నిర్ణయం వేసవికి ముందే ఏదో గదిలో అయిపోయిందని, సమావేశం ఊరికే పెట్టారని నాకు ఇప్పటికీ అనుమానం. లాంచీ టికెట్టు ఒక్కసారిగా పెరిగింది. జనం పలచబడ్డారు. నది నిండకముందే నాన్న లాంచీని దిగువన సరుకులు మోసే ఒకాయనకి అమ్మేశాడు. మోకు విప్పి ఆయన చేతికిచ్చేటప్పుడు, పంపు చప్పుడు చేస్తే వెంటనే ఇంజను ఆపాలని మూడుసార్లు చెప్పాడు. పొగగొట్టం దాంతోపాటే వెళ్ళిపోయాడు. లాంచీ కనపడినంతసేపూ దాని పొగా ఆయన పొగా కలిసి కనపడ్డాయి. నాన్న తర్వాత డిపోలో ఇంజన్లు చూసే పనికి కుదిరాడు గానీ, అది ఇంకో కాలం సంగతి.

వాన మొదలైన రోజుల్లోనే అమ్మకు ఆసుపత్రికి వెళ్ళాల్సిన మధ్యాహ్నం వచ్చింది. తను గొడుగు తీస్తుంటే నాన్న కూడా చెప్పులు వేసుకున్నాడు.

"మీరెక్కడికి?"

"ఊరికే. ఇంట్లో ఏం చెయ్యను?"

వంతెన కట్టినప్పటి నుంచీ నాన్న ఒక్కసారి కూడా బస్సెక్కలేదు. నేనూ వెళ్ళాను. మావయ్య బస్సును ఫుట్‌పాత్‌కు ఆనించి ఆపాడు. అమ్మ ఎడమకాలు సర్దుకుంటుంటే నాన్న మోచెయ్యి పట్టుకున్నాడు, కొంచెం గట్టిగా, తూకం వేస్తున్నట్టు. ఇద్దరూ డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నారు. బావా బావమరుదులు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

కాసేపు నాన్న అన్నింటికీ వంకలు పెట్టాడు. సీటు ఇరుకు. గేరు మార్చేటప్పుడు కుదుపు. వైపరు సగం అద్దమే తుడుస్తోంది. "ఇలాంటిదానికా రాయితీ?" అన్నాడు అమ్మ చెవిలో, బస్సంతా వినపడేట్టు. అద్దంలో మావయ్య పెదాలు కదిలాయి.

బస్సు వంతెన ఎక్కింది. కింద నది, వాన పడి మట్టిరంగుకు తిరిగి, ఇసుకనంతా కప్పేస్తూ ఉంది. పైనుంచి నాన్న దాన్ని చూడడం అదే మొదలు. ఆయన మాటలాగిపోయాయి. దూరంగా మా రేవు, దాని పక్కన నీళ్ళలోకి చొచ్చుకుని నిలబడ్డ మోకు గుంజలు కనపడుతున్నాయి.

వెనక ఏ బండీ లేదు, ముందు అడ్డం ఏమీ లేదు. అయినా బస్సు నెమ్మదించింది. నడుస్తున్న మనిషి కూడా దాటేసేంత నెమ్మదిగా వెళ్తోంది.

నాన్న ఉలిక్కిపడి అమ్మవైపు వంగాడు. మళ్ళీ అదే గుసగుస. "ఎందుకు స్లో చేశాడు? ఏదో ఉంది."

"ఏమీ లేదండీ," అంది అమ్మ. "మీరు చూస్తారని."